కడిగిన బాటిళ్ళు

మేం దాన్ని పొట్టిది అని పిలుచుకునేవాళ్ళం. తాగేసిన కూల్‌డ్రింక్ బాటిళ్ళనీ టిన్నులనీ వెనక్కి తీసుకునే మిషన్లు పెద్ద పెద్ద దుకాణాల్లో బీరువాలంత ఉంటాయి. వీధి చివరి చిన్న కొట్టుకు అంత చోటెక్కడిది? అందుకని మా వర్క్‌షాపులో నాలుగేళ్ళు కూర్చుని అడుగున్నర వెడల్పులో ఒకటి చేశాం. నోట్లో బాటిల్ పెడితే రెండు రబ్బరు రోలర్లు దాన్ని లోపలికి లాక్కుంటాయి. గుండ్రంగా తిప్పి దాని మీది బార్‌కోడ్ గీతలు చదివి, నలిపి, కింది సంచిలో పడేస్తాయి. కొట్లో చూపిస్తే బాటిల్ డబ్బులు తిరిగిచ్చే చీటీ బయటికొస్తుంది. ఆఖర్న ఒక ఆడగొంతు 'ధన్యవాదాలు' అంటుంది. ఆ గొంతు పెట్టాలన్న ముచ్చట నాదే. మనుషులకు ఆ మాట చెప్పే అలవాటు మాత్రం నాకు పెద్దగా లేదు. కోపం ముక్కు మీదే ఉంటుంది.

పొట్టిదాన్ని పెట్టి చూడ్డానికి ఒప్పుకున్న మొదటి మనిషి మా వీధి కొట్టావిడ. పాల ఫ్రిజ్జుకీ తలుపుకీ మధ్యనున్న సందు చూపించింది.

"ఏడు రోజులు. ఎనిమిదో రోజున ఆ మూలకి ఐస్‌క్రీమ్ పెట్టె వస్తుంది. మీ మిషన్ బాగుంటే పెట్టె వద్దంటాను. లేకపోతే దీన్ని మీరే మోసుకుపోవాలి."

వర్క్‌షాపు యజమాని మా సార్ ఆ రోజే నాతో చెప్పేశారు. "ఇది నిలబడకపోతే ఇక చాలమ్మా. పాత పనికి పోదాం. మూతలు బిగించే మిషన్లే మనకు రాసిపెట్టి ఉన్నాయేమో." ఆయన మంచాయన, మెల్లగానే అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నా నాలుగేళ్ళ కష్టం ఆ సందులో ఏడు రోజులు నిలబడాలి, అంతే.

మొదటి రోజు ఇరవై మూడో బాటిల్‌కి పొట్టిది ఆగిపోయింది. సగం బాటిల్ లోపల, సగం బయట.

"దానికి కడుపు నిండిందేమోనమ్మా," అన్నాడు లైనులో నిలబడ్డ ముసలాయన.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రోలర్లకు కాస్త జిగురుంటే తుడిచి, వర్క్‌షాపుకి తెచ్చి, పాత సామాన్లవాడి దగ్గర కొన్న మా పరీక్ష బాటిళ్ళు రెండు వందలు వేశాను. గుటుక్కు గుటుక్కున మింగేసింది. మళ్ళీ కొట్లో పెట్టాం. రెండో రోజు పద్దెనిమిదికి ఆగింది. మూడో రోజు పదకొండుకే.

కరెంటు సరిగ్గా లేదన్నాను. నేల వాలుగా ఉందన్నాను. చివరికి జనానికి బాటిల్ పెట్టడం కూడా చేతకావడం లేదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వరస. సార్ నా మాట వినీ విననట్టు ఊరుకుని, "జిగురు వల్లేమో చూడు," అన్నారు. వెంటనే పరీక్షల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. నా చేతిరాతే: 'మురికి బాటిళ్ళు, నలభై. ఎక్కడా ఆగలేదు.'

ఆ పరీక్ష నాకు బాగా గుర్తు. చక్కెర నీళ్ళు చిక్కగా కలిపి, నలభై బాటిళ్ళలో కాస్త కాస్త పోసి, బయట కూడా పూసి, జిగురుగా ఆరాలని సాయంత్రం బల్ల మీద వదిలి వెళ్ళాను. మర్నాడు రబ్బరు తొడుగులు వేసుకుని ఒక్కొక్కటే మిషన్లో పెట్టాను. ఒక్కటీ అతుక్కోలేదు. మా రోలర్లు అంత బాగా కుదిరాయని పొంగిపోయాను.

"కాబట్టి జిగురు కాదు సార్," అన్నాను.

నాలుగో రోజు ఉదయం ఎవరూ రాకముందే వర్క్‌షాపుకి వెళ్ళాను. వెనక గదిలో నీళ్ళ చప్పుడు. మా దగ్గర ఊడ్చి తుడిచే అక్క సింకు ముందు నిలబడి ఉంది. పక్కన మా పరీక్ష బాటిళ్ళ పెట్టె. ఒక్కో బాటిల్‌నీ మూతి కిందికి పట్టుకుని కాసేపు కార్చి, లోపల పొడుగాటి బ్రష్షు తిప్పి, బయట తడిగుడ్డతో తుడిచి, స్టాండులో బోర్లిస్తోంది.

"అక్కా, ఏం చేస్తున్నావు?"

"చూస్తున్నారుగా మేడమ్, కడుగుతున్నా."

"ఇవాళేనా?"

"రోజూ. నాలుగేళ్ళుగా."

"ఒకసారి ఈ బల్ల మీద నలభై బాటిళ్ళు, చక్కెర నీళ్ళతో..."

"అమ్మో, అవా! బల్లంతా చీమలు పట్టేశాయి. వేడినీళ్ళు కాచి అన్నీ రుద్ది మళ్ళీ అక్కడే సర్దాల్సొచ్చింది. ఎవరు పోశారో గానీ బాగా తిట్టుకున్నా."

నాలుగేళ్ళుగా మా పొట్టిది ఒక్క మురికి బాటిల్ మొహం కూడా చూడలేదన్నమాట. అది తిన్నవన్నీ శుభ్రంగా స్నానం చేసి ఒళ్ళు తుడుచుకుని వచ్చినవే. వీధిలోకి వెళ్ళగానే అడుగున గుక్కెడు మిగిలినవీ, జిగురు కారేవీ వచ్చి మీద పడితే అది మాత్రం ఏం చేస్తుంది పాపం! నాలుక చివరి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

"అసలు నిన్నెవరు కడగమన్నారు?" గొంతు పెంచాను.

అక్క బ్రష్షు పక్కన పెట్టి నా వంక చూసింది.

"ఎవరూ అనలేదు మేడమ్. రోజంతా వీటినే పట్టుకుంటారా, మళ్ళీ ఆ చేతులతోనే బిస్కెట్లు తింటారా! మిషన్ మీద కళ్ళుంటే మీకు చేతులు గుర్తుండవు. నేను కొత్తగా చేరినప్పుడు రెండుసార్లు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతూ ఇంటికెళ్ళారు. చేతులు కడుక్కోమని చెబితే కసురుతారు. అదేదో బాటిళ్ళే కడిగేస్తే పోతుందిగా అనుకున్నా."

ఆ కడుపునొప్పులు గుర్తొచ్చాయి. తరవాత అవి మళ్ళీ రాలేదన్న సంగతి మాత్రం అప్పుడే తట్టింది. రాని నొప్పిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నాది గట్టి పిండం అనుకున్నానంతే. ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూలబడ్డాను. ఒక మనిషి నాలుగేళ్ళుగా రోజూ ముందే వచ్చి, నేను కసురుతానని నాకు చెప్పకుండా, నా కోసం ఈ పని చేస్తోంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు కొంత, కృతజ్ఞత అంతకు పదింతలు.

"తప్పు చేశానా మేడమ్?"

"లేదక్కా. తప్పంతా నాదే. ఎలా కడుగుతావో ఇంకోసారి చూపించు. మెల్లగా."

చూపించింది. "మూతి కిందికి పెడితే సగం పని దానంతటదే అయిపోతుంది. లోపల మిగిలిందే కదా బయటికి కారి జిగురయ్యేది! మిగతా సగానికి తడిగుడ్డ. ఇందులో పెద్ద విద్యేముంది?"

మా పొట్టిది బాటిల్‌ని పడుకోబెట్టి లాక్కునేది. మిగిలిన గుక్కెడు నేరుగా రోలర్ల మీద పడేది. సార్ రాగానే అంతా చెప్పేశాను, పుస్తకంలో ఆ పేజీ కొట్టేశాను. సాయంత్రానికల్లా దాని నోరు ఏటవాలుగా మార్చాం. ఇప్పుడు బాటిల్ మూతి కిందికి వాలి, కాసేపు కారాకే లోపలికి వెళుతుంది. అక్క తడిగుడ్డకి బదులు రోలర్లకు ఆనించి తడి స్పాంజి పట్టీ పెట్టాం. కారింది పట్టడానికి చిన్న డబ్బా ఒకటి కావాల్సొచ్చింది. అడుగున్నరలో అగ్గిపెట్టె పట్టే చోటు కూడా లేదు. సారూ నేనూ తలలు దూర్చి వెతికాం. స్పీకరు తీసేస్తే తప్ప లాభం లేదు.

"నీ ధన్యవాదాలు పోతాయమ్మా," అన్నారు సార్.

"పోనివ్వండి," అన్నాను.

ఐదో రోజు నూట పది బాటిళ్ళు పడ్డాయి. ఎక్కడా ఆగలేదు. ఆరో రోజు నూట నలభై. ఏడో రోజంతా నేను ఆ ఫ్రిజ్జు పక్కనే, పురిటి గది బయట తిరిగే మొగుడిలా తిరిగాను. సాయంత్రం కొట్టావిడ ఫోన్ తీసి, ఐస్‌క్రీమ్ పెట్టెవాళ్ళతో, "వద్దు లెండి, ఆ మూల నిండిపోయింది," అంది. సార్ బయటికెళ్ళి ముక్కు చీదుకుని వచ్చారు.

అప్పుడే అక్క చేతిసంచితో లోపలికొచ్చింది. అందులో ఆరు బాటిళ్ళు, ఒక్కోటీ తళతళ మెరుస్తోంది.

"ఇప్పుడు కడగక్కర్లేదక్కా!"

"ఊరుకోండి. మొదటిసారి వస్తూ మురికివి ఎలా తెస్తాను?"

పొట్టిది ఆరూ మింగి, చీటీ ఇచ్చి ఊరుకుంది. అక్క చీటీ తీసుకుని, దాని వంకే చూస్తూ నిలబడింది.

"ఇది ఏదో అనేదిగా మేడమ్?"

"ఆ మాట నేను అనాల్సింది," అన్నాను. కొట్లో అందరి ముందూ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీకు చాలా రుణపడి ఉన్నానక్కా. చాలా థాంక్స్," అన్నాను.

అక్క ఇబ్బందిగా నవ్వి చేతులు విడిపించుకుంది. కొట్టావిడ మా అందరి కోసం కౌంటరు మీద బిస్కెట్ల పొట్లం విప్పి పెట్టింది. ఏం చెయ్యాలో తోచక నేను ఒకటి అందుకోబోయాను.

"మేడమ్," అంది అక్క, నా వేళ్ళ వంక చూస్తూ. "చేతులు."

వెళ్ళి కడుక్కుని వచ్చాను.