చెరిసగం బుర్ర

మా ఆడపడుచుతో కలిసి నేను ఏ పని మొదలుపెట్టినా రుసరుసలతోనే ముగుస్తుందని మా ఆయన గట్టి నమ్మకం. మేమిద్దరం ఒకే జట్టుగా రోబో క్లాసులో చేరామని చెప్పగానే ఆయనకి పొలమారింది. నీళ్ళు తాగి తేరుకుని, "పాపం, ఆ రోబో గతేం కాను?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వే స్థితిలో లేను అప్పటికి.

నాది ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. ఉతికి మడతపెట్టిన దుప్పట్లు బండి మీద పేర్చుకుని, పొడుగాటి వరండా దాటించి లిఫ్టు దాకా తొయ్యాలి. పెళ్ళయిన కొత్తలో చేరాను, ఇన్నేళ్ళూ తోస్తూనే ఉన్నాను. ఈమధ్య నడుము మొరాయించింది. ఇంకా బరువులు తోశావంటే మంచాన పడతావని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రివాళ్ళు తమంతట తాము నడిచే బండ్లు తెప్పిస్తున్నారు. వాటికి పని చెప్పడం ఈ క్లాసులో నేర్చుకుని, పరీక్షలో నెగ్గిన జట్టుకి బండ్ల గదిలో ఉద్యోగం. నెగ్గలేదంటే తోసే బండి ఎలాగూ నావల్ల కాదు కాబట్టి నేను ఇంటికి పోవాల్సిందే. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. ఆ భయంతో నాకు అన్నం సహించడం మానేసింది.

మా ఆడపడుచు అదే లాండ్రీలో ఇస్త్రీ దగ్గర పని చేస్తుంది. ఆవిరికి మొహం ఉడికిపోతోందని తనూ క్లాసులో చేరింది. నా నోటికి జడిసి నాతో ఎవరూ జట్టు కట్టలేదు. తనతోనూ ఎవరూ కట్టలేదు, కారణం అదే. అలా మిగిలినవాళ్ళం ఒకళ్ళకొకళ్ళం దొరికాం.

మాస్టారు ఓపికున్న మనిషి. మొదటి రోజే విషయం విడమరిచి చెప్పాడు. "రోబో అంటే ఒక్క ప్రోగ్రాం కాదమ్మా. చిన్న చిన్న ప్రోగ్రాముల కుటుంబం. ఒకటి చూస్తుంది, ఒకటి ఆలోచిస్తుంది, ఒకటి చక్రాలు తిప్పుతుంది. ఇవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. కబురు చెప్పాలంటే దానికో పేరు తగిలించి వదిలేస్తాయి. ఆ పేరు కోసం చెవి పెట్టుకున్నవాటికి చేరుతుంది. ఎవరు విన్నారో, అసలు విన్నారో లేదో, పంపినదానికి తెలీదు."

"మా ఇంట్లో నేను మాట్లాడినట్టే," అన్నాను.

"నీ మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది వదినా, నీకా బెంగ అక్కర్లేదు," అంది మా ఆడపడుచు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజంతా తనతో మాట్లాడలేదు.

అయినా పని పంచుకోక తప్పదు కదా. బండికి ముందు ఏముందో, ఎంత దూరంలో ఉందో చూసే ప్రోగ్రాం నేను రాస్తానన్నాను. చక్రాలు తిప్పేది తను తీసుకుంది. మధ్యలో ఆలోచించేది ఎవరు రాయాలన్న దగ్గర పేచీ వచ్చింది. బుర్ర నాకు కావాలంటే నాకు కావాలని ఇద్దరం పట్టుబట్టాం. ఆఖరికి మాస్టారు తల పట్టుకుని, దూరం కబురు వినే సగం నాకూ, వేగం కబురు పంపే సగం తనకీ పంచాడు. బుర్రని చెరిసగం పంచుకున్న వదినా ఆడపడుచులు లోకంలో మేమేనేమో.

పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి గానీ ఏ భాష మాటైనా ఫరవాలేదన్నాడాయన. "దూరం కబురుకి కళ్ళు అని పెడదాం, వేగం కబురుకి కాళ్ళు అని," అన్నాను. తను వెంటనే ఒప్పుకుంది. మా కాపురాల చరిత్రలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడ్డది అదే మొదలు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా డ్యూటీ వేళలు వేరు కావడంతో ఎవరి సగం వాళ్ళం విడిగా పరీక్షించుకున్నాం. నేను బండి ముందు బకెట్టు పెట్టి జరిపితే దూరం అంకెలు చక్కగా వచ్చాయి. తను చేత్తో అంకెలు కొట్టి పంపితే చక్రాలు చెప్పినట్టు తిరిగాయి. మాస్టారు రెండూ చూసి భేష్ అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున వరండాలో లాండ్రీ మేనేజరు నిలబడింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. మడతపెట్టిన దుప్పట్లు బండి మీద పేర్చి, దారిలో ఒక కుర్చీ పెట్టించి, "కానివ్వండి," అంది. మీట నొక్కాను.

బండి ఒక్క ఉదుటున దూకింది, ఆగింది, మళ్ళీ దూకింది. ఎక్కిళ్ళు పట్టినట్టు ఆగి ఆగి దూకుతూ పోయి కుర్చీని ఢీకొట్టింది. దుప్పట్లన్నీ నేలపాలు. గోడవారన నిలబడ్డ ఇస్త్రీవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, రేపటినుంచి ఇంట్లో కూర్చుని గోడలు చూసుకోవడమే అనుకున్నాను.

మేనేజరు చేతిగడియారం చూసుకుంది. మాస్టారు కల్పించుకుని, "స్టోరువాళ్ళ జట్టు ముందు కానిద్దాం మేడం. వీళ్ళు ఈలోగా తప్పు వెతుక్కుంటారు," అన్నాడు. ఆవిడ సరేనని అటు వెళ్ళింది.

"నీ చక్రాలకి తిక్క," అన్నాను.

"నీ కంటికే చత్వారం. నా చక్రాలు బంగారంలా తిరిగాయి."

"ముందు నోరు మూసుకుని నువ్వు రాసింది చదువు!"

"నోరు మూసుకుని ఎలా చదవను వదినా?"

మామూలప్పుడైతే పోట్లాట సాయంత్రందాకా సాగేది. కానీ తన గొంతు వణకడం విన్నాను. నా భయం తనకీ ఉంది. "సరే, పైకి చదువు. నేను వింటాను," అన్నాను, నా జీవితంలో బహుశా మొదటిసారి.

తను తెర మీద వేలు పెట్టి చదివింది. "కాళ్ళు అన్న పేరుతో వచ్చే అంకె విను. ఆ వేగంతో తిరుగు."

"కాళ్ళు ఎక్కడుంది?"

"ఇదిగో, కళ్ళెదురుగా. కె, ఏ, రెండు ఎల్‌లు, యు."

"అది కళ్ళు కదే పిల్లా!"

"కాళ్ళు!"

"కళ్ళు!"

ఇద్దరం తెర వైపు చూశాం. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నేను రాసిన కళ్ళూ, తను రాసిన కాళ్ళూ ఇంగ్లీషులో అచ్చంగా ఒకే మాట. దూరం ఎంతో నా ప్రోగ్రాం చెబుతుంటే, అదే వేగం కాబోలనుకుని తన చక్రాలు ఉరుకుతున్నాయి. మధ్యలో మా బుర్ర మెల్లగా వెళ్ళమంటుంటే కాసేపు ఆ మాటా వింటున్నాయి. పైగా బుర్ర తన మాట తనే విని కంగారు పడుతోంది. అన్నీ ఉత్త అంకెలే కాబట్టి కంప్యూటర్ కిమ్మనలేదు. ఆ అక్షరాలకి కల్లు అని తాగే అర్థం మూడోది ఒకటుంది, బండి నడిచింది దాని ప్రకారమే.

నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాం. దూరంనుంచి మాస్టారు బెదిరిపోయి చూశాడు, మతి పోయిందనుకున్నాడేమో.

"నీ మాట మార్చు," అంది నవ్వులోంచే.

"నాకు దీర్ఘం లేదు, నీకే ఉంది. కాబట్టి నువ్వే ఇంకో ఏ పెట్టు," అన్నాను. విచిత్రం, ఎదురు చెప్పకుండా పెట్టింది.

"కాళ్ళలో మార్చావు, బుర్రలో?"

నాలిక్కరుచుకుని అక్కడా మార్చింది. అక్షరం అక్షరం ఇద్దరం కలిసి పైకి చదివి సరిచూసుకున్నాం.

స్టోరువాళ్ళ బండి గోడకి రాసుకుని తిరగబడింది. మేనేజరు మా దగ్గరకి వచ్చింది. దుప్పట్లు మళ్ళీ పేర్చాం. మీట నొక్కబోతుంటే నా వేలు బిగుసుకుపోయింది. ఆడపడుచు తన వేలు నా వేలి మీద పెట్టి నొక్కింది.

బండి కదిలింది. కుదుపు లేదు, తొందర లేదు. కుర్చీ దగ్గర పడేకొద్దీ నెమ్మదించి నిలబడింది. కుర్చీ తీయగానే సాగింది. మేనేజరు హఠాత్తుగా వెళ్ళి దాని దారికి అడ్డంగా నిలబడింది. మా ఆడపడుచు నా చెయ్యి గిల్లేసింది. బండి ఆవిడ చెప్పులకి జానెడు దూరంలో ఆగింది. పైన ఉన్న దుప్పటి మడత కూడా చెదరలేదు. ఆవిడ పక్కకి తప్పుకుంది, బండి బయల్దేరింది.

ఇస్త్రీవాళ్ళు ఈలలు వేశారు. మాస్టారు చప్పట్లు కొట్టాడు. "సోమవారం నుంచి బండ్ల గదికి వచ్చెయ్యండి. ఇద్దరూ," అంది మేనేజరు. నవ్విందని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎవరూ నమ్మకపోయినా సరే. మా ఆడపడుచు నన్ను వాటేసుకుంది. నేనూ వదల్లేదు.

బండి దుప్పట్లన్నీ మోసుకుని లిఫ్టు వైపు సాగిపోతోంది. దాని వెనకాల నడుము నిటారుగా పెట్టి, ఖాళీ చేతులు ఊపుకుంటూ నడిచాను. అదే వరండా. ఇన్నేళ్ళూ బండి మీదకి వంగి నేల చూస్తూ నడిచానేమో, దానికి ఇన్ని కిటికీలున్నాయని ఇప్పుడే తెలిసింది.

"వదినా, మెల్లగా! బండిని దాటేస్తావు!" అని వెనకనుంచి ఆడపడుచు కేకేసింది.

దాటేశాను. బండి బుద్ధిగా ఆగి నాకు దారిచ్చింది.