వైరు లేని బటన్

సిగ్నల్ మెకానిక్‌కి అత్తగారి దగ్గరున్న పరపతి అంతా ఒక్క బటన్ మీద నిలబడి ఉంది. పెళ్ళిచూపుల నాడు ఆవిడ పెదవి విరిచింది. స్తంభాలెక్కేవాడికి పిల్లనిస్తే చుట్టాల ముందు తలెత్తుకోగలమా అని ఇల్లంతా వినపడేలా గొణిగింది. పెళ్ళయ్యాక కూడా అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే "ఏదో ఆఫీసులో" అని మాట దాటేసేది.

కూతురి దగ్గర ఉండిపోదామని వచ్చిన మర్నాడు ఎదుటి పార్కుకి నడకకు బయల్దేరి, రోడ్డు పక్క స్తంభానికున్న బటన్ నొక్కింది. ఎదురుగా నడిచే మనిషి పచ్చ బొమ్మ వెలిగింది. బళ్ళన్నీ ఆగిపోయాయి. అంత పెద్ద బస్సు కూడా ఆగింది. అది బిగించింది మీ అల్లుడేనని కూతురు చెప్పేసరికి ఆవిడ చూపే మారిపోయింది. ఆనాటి నుంచి ఇంట్లో ఆవిడ అల్లుడి మాటకు ఎదురు చెప్పలేదు.

ఆ బటన్‌కి వైరు లేదు. పీకింది అల్లుడే. బడిపిల్లలు నొక్కి పారిపోవడం, దాటే మనిషి లేకుండానే ఎర్రదీపం పడటం, డ్రైవర్లు ఆఫీసుకొచ్చి గొంతు చించుకోవడం ఎక్కువైపోతే పై అధికారి ఒక ఉపాయం చెప్పాడు.

"వైరు పీకెయ్. బటన్ మాత్రం ఉంచు. జనానికి నొక్కుకోడానికి ఏదో ఒకటి ఉండాలి."

అప్పటి నుంచి పచ్చ బొమ్మ తన వంతు వచ్చినప్పుడే వస్తోంది. జనం నొక్కుతున్నారు, కాసేపు ఆగుతున్నారు, తమ వల్లే బొమ్మ వచ్చిందనుకుని దాటుతున్నారు. అందరూ సుఖంగా ఉన్నారు.

అత్తగారు కూడా మొదట్లో ఆగేది. బటన్‌తో చనువు పెరిగాక మాత్రం నొక్కడం, అడుగెయ్యడం ఒకేసారి జరగసాగాయి.

ఒక ఉదయం మెకానిక్ అక్కడే నిచ్చెనెక్కి ఎర్రదీపం అద్దం తుడుస్తున్నాడు. కింద అత్తగారు వచ్చింది, నొక్కింది, రోడ్డు మీదికి దిగింది. నీళ్ళ ట్యాంకరు కీచుమంటూ ఆవిడకి జానెడు దూరంలో ఆగింది. ఆవిడ దాని మూతి మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? బటన్ నొక్కాను, కనపడలా?"

"చావడానికి నా బండే దొరికిందా అమ్మా?" అన్నాడు డ్రైవరు. అతని మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"అది మా అల్లుడి బటన్!" అని తెలియజెప్పి ఆవిడ దర్జాగా దాటేసింది. నిచ్చెన మీద అల్లుడికి పైప్రాణాలు పైనే పోయాయి.

సాయంత్రం మెల్లగా కదిపాడు. "అత్తయ్యా, నొక్కాక పచ్చ బొమ్మ వచ్చేదాకా ఆగాలి."

"ఆగాల్సింది వాళ్ళు బాబూ. నేను నొక్కి చెప్పేశాగా."

"వాళ్ళు చూసుకోకపోతే?"

"మీరు పెట్టిన బటన్ మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?"

పోనీ వైరు మళ్ళీ కలిపేద్దామా అనుకున్నాడు. కలిపినా బళ్ళాగడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో ఆవిడ నడిరోడ్డు మీద ఉంటుంది. దిక్కుతోచక భార్య దగ్గర మొరపెట్టుకున్నాడు.

"ఉన్నమాట చెప్పెయ్యండి," అంది భార్య.

"చెప్తే నా పరువేం కాను?"

"మా అమ్మ కావాలో, మీ పరువు కావాలో తేల్చుకోండి."

తేల్చుకోవడానికి అతను కొంచెం సేపు తీసుకున్నాడు. అంతసేపూ భార్య అతని మొహమే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అత్తగారి వెంట స్తంభం దగ్గరికి వెళ్ళాడు. స్క్రూలు తిప్పి, బటన్ ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు. వెనక ఒక సాలీడు తప్ప ఏమీ లేదు.

"వైరేది?"

"నేనే పీకేశానత్తయ్యా. మీరు రాకముందే."

ఆవిడ బటన్‌ని తిప్పి తిప్పి చూసింది. "మరి ఇన్నాళ్ళూ బళ్ళని ఆపిందెవరు?"

"డ్రైవర్లే. మిమ్మల్ని చూసి, హడలిపోయి, బ్రేకు తొక్కారు."

ఆవిడ మొహం పాలిపోయింది. తను నోటికొచ్చినట్టు తిట్టిన వాళ్ళందరూ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నారు, స్తంభం పట్టుకుని నిలబడింది. మెకానిక్‌కి ఆవిడ మీద జాలేసింది. తన మీద తనకి సిగ్గేసింది.

ఇంతలో పచ్చ బొమ్మ వెలిగింది. బళ్ళు ఆగాయి. ఆవిడ కదల్లేదు.

"ఇప్పుడు దాటొచ్చు అత్తయ్యా."

"ఈ బొమ్మకి వైరుందా?"

"ఉంది."

"ఎవరు కలిపారు?"

"నేనే."

ఆవిడ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత రోడ్డుకి అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ అటు చూసింది. ఆగిన బళ్ళలో ఒక్కో డ్రైవరు మొహమూ చూసుకుని, అప్పుడు అడుగేసింది.

అత్తగారి దగ్గర తన పరపతి సాంతం పోయిందని మెకానిక్‌కి అర్థమైంది. ఇక ఆవిడ ప్రాణానికి ఢోకా లేదని కూడా అర్థమైంది.