ఒతిలియా పాట

పాట మనిషిని తాగిస్తుందా, తాగినవాడే పాట పాడిస్తాడా? ఇరవై ఏళ్లుగా పాటగాడు ఎలాదియోకు ఇదే అనుమానం. చర్చిలో ఫాదరును అడిగితే, "ముందు నువ్వు మానెయ్," అన్నాడు. అప్పటినుంచి ఏటా కన్య మరియమాత ముందు మోకరిల్లి, ఏడాదిపాటు మందు ముట్టనని ఒట్టు పెట్టుకుంటున్నాడు. అనుమానం మాత్రం తీరలేదు.

ఆ మధ్యాహ్నమూ మెక్సికోలోని కోకులా ఊళ్లో, సారాకొట్టులో గిటారు తీగలు బిగిస్తున్నాడు. వేళ్ల చివరలు కాయలు కాచాయి, కాలరు చెమటకు మెడను ఒరుసుకుంటోంది. గుర్రపు జీనులు కుట్టే నబోర్ టెకీలా గ్లాసు అతనివైపు తోశాడు.

"తాగవయ్యా కొంపాద్రే, నా నేస్తమా! ఎండిన గొంతుతో తాగుబోతు పాటేంటి? ఉప్పులేని చిక్కుడుగింజల్లా ఉంది."

"ఒట్టుంది కదా."

"ఒట్టు నీకు, పాటకి కాదుగా! ఆ చచ్చిపోయేవాడిది పాడు."

ప్రియురాలు వదిలేస్తే తాగి తాగి చచ్చినవాడి రాంచేరా పాట అది. నబోర్‌ను ఎవరూ వదిలెయ్యలేదు. భార్య ఒతిలియా వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది. అయినా ఆ పాటకు ఏడుస్తాడు. ఏడ్చినప్పుడల్లా ఇంకో గ్లాసు.

ఆ రోజు ఒతిలియా గుమ్మం దాకా వచ్చింది.

"ఎలాదియో గారూ, మీరు పాడినంతసేపూ ఈయన లేవడు. కాలేయం పోయిందన్నాడు డాక్టరు. మా పెళ్లికి నా కిటికీ కింద పాడతానని మాటిచ్చి, మీరే తాగి పడిపోయారు గుర్తుందా? ఆ బాకీ ఇప్పుడు తీర్చండి. మందు లేని పాట ఒక్కటి పాడితే ఇంటికి తీసుకుపోతా."

ఎలాదియో తనకొచ్చిన పాటలన్నీ వెతికాడు. ఒకదానిలో రెండో చరణంలోనే గ్లాసు. ఇంకోదానిలో చివర సీసా. మరోదానిలో శవం. తన మీద తనకే చిరాకేసింది.

"అలాంటివి నాకు రావమ్మా."

నబోర్ బల్ల చరిచి నవ్వాడు. "విన్నావా? ఇక నా పాట కానీ!"

ఎలాదియో కోపంగానే పాడాడు. పాట ముగిసేసరికి నబోర్ తల బల్లమీద వాలి ఉంది. నిద్రనుకున్నారు. ఒతిలియా మొదటిసారి ఆ గడప దాటి వచ్చి భుజం తట్టింది. అతను లేవలేదు.

సాయంత్రం ఇంట్లో కొవ్వొత్తుల మధ్య శవాన్ని ఉంచారు. "నాన్న పాట పాడండి," అన్నారు కొడుకులు. ఒతిలియా తల దించుకుంది. ఎలాదియో బయటికి నడిచి కిటికీ కింద నిలబడ్డాడు. నోరు మెదపకుండా ఆ పాట రాగం మాత్రమే వాయించాడు. అందులో గ్లాసు లేదు, చావు లేదు.

ఒతిలియా కిటికీ తెరిచి చివరిదాకా విన్నది.

"ఇంత బాగుంటుందా ఇది," అంది. "సరే, బాకీ తీరిపోయింది."

ఆమె వెనుక చెక్క దిమ్మ మీద నబోర్ సగం కుట్టిన జీను. తోలులో గుచ్చి వదిలిన సూదికి దారం వేలాడుతోంది.