వానకు తేలిన గీత

"బండొచ్చేసిందమ్మా. ఇంకో పది నిమిషాలు చూస్తాను. ఆ తర్వాత మీ తమ్ముణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోతాం."

భుజానికి తగిలించుకున్న వాకీటాకీలోంచి ఇన్‌స్పెక్టరు గొంతు గరగరమంది. పన్నెండో అంతస్తు కిటికీ ముందు, మూరెడు చెక్కపలక మీద కూర్చుని వానలో వేలాడుతున్న ఆమె కిందికి చూసింది. గేటు దగ్గర పోలీసు బండి అగ్గిపెట్టెంత ఉంది. దాని పక్కన నాలుగు గొడుగులు. వాటిలో ఒకదాని కింద తమ్ముడు నిలబడి ఉంటాడు. ఏ గొడుగో తెలియడం లేదు.

"ఏమంటున్నాడు?" తలకు ఆరడుగుల పైన, పిట్టగోడ మీంచి వంగి అడిగాడు నాన్న.

"పది నిమిషాలంట."

"కంగారు పడకు తల్లీ. నింపాదిగా చూడు. తాళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి."

నిన్న సరిగ్గా ఈ వేళకి, ఈ కిటికీ ముందు నుంచే గడియారం కింద పడి చచ్చిపోయాడు. గడియారం అంటే వాళ్ళ జట్టులో పనిమంతుడు. ఎనిమిదంటే ఎనిమిదింటికి వచ్చేవాడు, ఒంటిగంటకు డబ్బా తెరిచేవాడు, అయిదు కొట్టగానే తాడు దిగేవాడు. అందుకే ఆ పేరు. "పోవడమొక్కటే టైముకి ముందు పోయాడు" అని పొద్దున వాచ్‌మన్ అన్నాడు. అనేసి, ఎవరూ నవ్వకపోయేసరికి తలదించుకున్నాడు.

ఎత్తు మేడల కిటికీలు తుడిచేవాళ్ళకి రెండు తాళ్ళుంటాయి. ఒకటి కూర్చునే పలకను మోస్తుంది. రెండోది ప్రాణతాడు, నడుముకున్న బెల్టును పట్టుకుని ఉంటుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఆపుతుంది. రెండూ డాబా మీద ఇనుప కమ్మీకి వేరువేరుగా కడతారు. ఒక ముడి జారిందంటే ఎవరైనా నమ్ముతారు. రెండు ముళ్ళూ ఒకేసారి జారాయంటే చంటిపిల్లాడు కూడా నమ్మడు. ఎవరో విప్పారు.

నిన్న డాబా మీద తాళ్ళు చూసుకోవలసిన మనిషి తమ్ముడు. పైగా పొద్దున్నే వాడికీ గడియారానికీ మాటామాటా వచ్చింది. "ఏదో ఒక రోజు నిన్ను కిందకి తోసేస్తా చూడు" అని తమ్ముడన్న మాట గేటు దాకా వినిపించింది. వేళాకోళానికి అన్నదే, రోజూ అనేదే. కానీ ఆ రోజే మనిషి పడ్డాడు. బకెట్లో నీళ్ళు పట్టుకురావడానికి కింది అంతస్తు కుళాయి దగ్గరికి వెళ్ళానని, వచ్చేసరికి కమ్మీకి తాళ్ళు లేవని వాడు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. వాణ్ణి కుళాయి దగ్గర చూసినవాళ్ళెవరూ లేరు.

"సార్, బయటి నుంచి ఒక్కరన్నా చూశారా? నన్ను దింపండి. ఏదో ఒకటి దొరుకుతుంది" అని ఆమె ఇన్‌స్పెక్టరు కాళ్ళావేళ్ళా పడింది. ఆయన వానవైపు చూసి, ఆమెవైపు చూసి, సరేనన్నాడు. ఒక కానిస్టేబుల్‌ని తోడు పంపాడు. ఆ కానిస్టేబుల్ డాబా మెట్ల దాకా వచ్చి, పిట్టగోడను దూరం నుంచే చూసి, "నాకిక్కణ్ణించే కళ్ళు తిరుగుతున్నాయి, మీరు కానివ్వండి" అని తలుపు లోపలే ఆగిపోయాడు.

తాళ్ళు ఎవరు చూస్తారన్నప్పుడు నాన్న ముందుకొచ్చాడు. "నేనుండగా ఇంకెవరో ఎందుకు?"

ముప్పై ఏళ్ళుగా అందరూ ఆయన్ను అద్దాల మేస్త్రి అనే పిలుస్తారు. కూతురికి పన్నెండేళ్ళప్పుడే వైపర్ పట్టడం నేర్పించాడు. గోడను కరుచుకుపోయి పని చేస్తుందని జట్టంతా ఆమెను బల్లి అంటారు. ఆ పేరు పెట్టిందీ ఆయనే. ఆర్నెల్లుగా మోకాళ్ళ నొప్పులని ఆయన తాడు దిగడం మానేశాడు. నిన్న మధ్యాహ్నమంతా కింద గేటు దగ్గర, జనం అటు రాకుండా కట్టిన తాడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నానని ఆయనే చెప్పాడు. ఆమె అప్పుడు మేడకు అవతలి వైపు ఉంది.

ఆమె మోచేత్తో మొహం తుడుచుకుని అద్దం మీదకి వంగింది.

వానలో కిటికీలు తుడవడమేమిటని అందరూ నవ్వుతారు. వాన పనికి అడ్డం కాదు, గాలి అడ్డం. పైగా అద్దం బాగా తుడిచారో లేదో వాన కన్నా బాగా చెప్పేది లేదు. శుభ్రంగా ఉన్న చోట చినుకు పూసలా నిలబడి జారుతుంది. సబ్బు మిగిలిన చోట నిలవదు, పలచగా పరుచుకుంటుంది. ఎండలో కంటికి ఆనని గీత, వానలో ముగ్గుపిండితో గీసినట్టు తేలుతుంది. నిన్నంతా తెరిపిచ్చిన వాన మళ్ళీ ఇప్పుడే, అరగంట కింద మొదలైంది.

ఎదురుగా ఉన్న కిటికీ గడియారం తుడిచినది. నిలువు పట్టెలు, పైనుంచి కిందికి, స్కేలు పెట్టి గీసినట్టు. సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ ఆగిన చోటు చూసి ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

తర్వాత కుడివైపు కిటికీ చూసింది.

ఆ కిటికీ నిన్న ఎవరి వంతులోనూ లేదు. ఇవాళ తుడవాల్సింది. కానీ ఎవరో తుడిచారు. అడ్డంగా, పాము మెలికలు తిరిగినట్టు, వైపర్ ఎత్తకుండా ఒకే ఊపున పైనుంచి కింది దాకా. మెలిక తిరిగిన ప్రతిచోటా దారమంత సబ్బుగీత. వానకు ఒక్కొక్కటే తేలుతున్నాయి. చివరి పట్టె ఎడమవైపు కింది మూలలో, చిన్న కొక్కెంలా పైకి లేచి ఆగింది.

ఆమె ఆ కొక్కెం మీదికి మరింత వంగింది.

ఆ మెలిక వాటం జట్టులో ఇద్దరికే వచ్చు. ఆమె కుడిచేత్తో తుడుస్తుంది కాబట్టి కుడి మూలలో ఆపుతుంది. ఎడమ మూలలో ఆపే ఎడమచెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి ఇప్పుడు పైన ఆమె తాళ్ళ మీద ఉంది.

"ఏమన్నా కనిపించిందా?" నాన్న గొంతు.

ఆమె తలెత్తింది. నాన్న కిందికే చూస్తున్నాడు. కానీ ఆయన చూపు ఆమె మీద లేదు. ఆమెకు జానెడు పక్కన, ఉత్త గోడ మీద ఉంది.

ఆర్నెల్లుగా చూస్తున్నవన్నీ ఒక్కసారి వరసలోకి వచ్చాయి. టీ కప్పు పక్కన పోసి "కప్పు చిన్నదైపోయింది" అనడం. మెట్లు కాలితో తడుముకుని దిగడం. పేపరు తెరిచి, పేజీ తిప్పకుండా గంటసేపు కూర్చోవడం. మోకాళ్ళు కాదు. కళ్ళు. గీత వదిలితే జీతం వదిలినట్టేనని జట్టంతటికీ పాఠం చెప్పిన మనిషి, తను ఇన్ని గీతలు వదిలిన సంగతి తనే చూసుకోలేకపోయాడు.

"ఏం లేదు నాన్నా. ఇంకా చూస్తున్నా."

రెండు కిటికీలకూ మధ్య గోడలో ఒక పాత ఇనుప రింగు ఉంది. గాలికి ఊగిపోకుండా ఆసరాకి పెట్టింది. ఆమె నడుము బెల్టుకున్న పొట్టి పట్టీ తీసి, శబ్దం కాకుండా దాని కొక్కేన్ని రింగులోకి జార్చింది. చివర్లో స్ప్రింగు 'టక్' మంది.

పైన నాన్న చెవి ఆ శబ్దం వైపు తిప్పాడు.

"రింగుకెందుకు తగిలించుకున్నావు?"

కళ్ళు పోయినా చెవులు పోలేదు.

"గాలి నాన్నా."

"గాలెక్కడుంది? చినుకులు నిలువునా పడుతున్నాయి."

నాన్న పిట్టగోడ మీద రెండు మోచేతులూ ఆనించి, ఇంటి అరుగు మీద కబుర్లకు కూర్చున్నట్టు తీరిగ్గా వంగాడు.

"ఆ రింగు నీ కన్నా పెద్దది తల్లీ. లోపలంతా తుప్పు. బకెట్‌ని ఆపుతుంది, మనిషిని ఆపదు." మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "పక్క కిటికీ చూశావన్నమాట."

అబద్ధం చెప్పి లాభం లేదు. "చూశాను."

"గీతలున్నాయా?"

"ఉన్నాయి."

"ఎన్ని?"

మనిషి ప్రాణం పోయింది, కొడుకు బండెక్కబోతున్నాడు. ఆయన అడుగుతున్నది గీతలెన్నని.

"ప్రతి మెలికకీ ఉంది నాన్నా."

"అయితే గడియారం చెప్పింది నిజమే." ఆయన నిట్టూర్చాడు. "ఆ కిటికీకి అవతల గోడకున్న చువ్వల నిచ్చెన దిగాను, ఒక్క కిటికీ మేరకి. చూడరా, నా చెయ్యి ఇంకా చెయ్యే అన్నాను. నవ్వాడు. 'పెద్దాయనా, వేలు పట్టుకుని చూపించనా గీతలు?' అన్నాడు. సాయంత్రం ఆఫీసులో చెప్పేస్తానన్నాడు. గుడ్డిమేస్త్రి అన్నాడు తల్లీ. ఆ మాటొక్కటి అనకుండా ఉంటే బతికి ఉండేవాడు."

"తమ్ముడు అప్పుడు..."

"నీళ్ళకెళ్ళాడు. నేను పైకొచ్చి కమ్మీ తడిమాను. రెండు ముళ్ళు. ముళ్ళు విప్పడానికి కళ్ళెందుకు?"

వాన పెరిగింది. అద్దం మీద చినుకులు గట్టిగా కొడుతున్నాయి. ఆమె కళ్ళ ముందే పై మెలిక దగ్గర గీత ఒకటి కరిగి, పాలలా చిక్కగా జారి, మాయమైంది.

"వాణ్ణి తీసుకుపోతున్నారు నాన్నా. నీ కొడుకుని!"

"వాడిది ఎంత వయసనీ. నాలుగేళ్ళో అయిదేళ్ళో ఉంటాడు, తిరిగొస్తాడు. నేను వెళితే తిరిగి రాను. చీకట్లోకి వెళ్ళి చీకట్లోనే పోతాను." గొంతు మెత్తబడింది. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చుని మాట్లాడిన గొంతు అది. "నిన్ను అబద్ధమాడమనడం లేదుగా. ఊరుకో, చాలు. ఇంకో అయిదు నిమిషాలు ఆగితే వానే కడిగేస్తుంది. ఆ తర్వాత నువ్వు చెప్పినా చూపించడానికి ఏమీ ఉండదు."

నిజమే. ఫోను ఉంటే ఫొటో తీసేది. కానీ జేబులోంచి జారి కిందవాళ్ళ నెత్తిన పడతాయని, తాడు దిగే ముందు ఫోన్లన్నీ పైన బకెట్లో వదిలేయడం జట్టు నియమం. ఆ నియమం పెట్టిందీ నాన్నే. కిందికి దిగి చెబుదామంటే పన్నెండు అంతస్తులు. ఆమె దిగేలోపు గీతలూ మిగలవు, బండీ మిగలదు. దిగనిస్తాడో లేదో కూడా తెలియదు.

వాకీటాకీ గరగరమంది. "అమ్మా, టైమైపోయింది. ఏదైనా ఉందా, లేదా? మీ తమ్ముడు కాగితం మీద సంతకం పెట్టేస్తానంటున్నాడు. తాళ్ళు వదిలేసి వెళ్ళిన తప్పు నాదే, అంతా నాదే అంటున్నాడు."

పిచ్చివాడు. తన వల్లే మనిషి పోయాడని నిజంగానే అనుకుంటున్నాడు.

"లేదని చెప్పు" అన్నాడు నాన్న.

ఆమె భుజం మీదికి చెయ్యి పోనిచ్చింది. తడివేళ్ళు వాకీటాకీ మీట మీద జారాయి. అంతలో పలక సన్నగా కదిలింది. బెత్తెడు కూడా కాదు, వేలెడు. పైన కమ్మీ దగ్గర తడితాడు ఇనుము మీద రాసుకున్న శబ్దం.

"తల్లీ. తడిసిన ముడి బిగుసుకుంటుందని అందరూ అనుకుంటారు. ఎక్కడ నొక్కితే వదులవుతుందో నీకు కూడా నేర్పలేదు నేను."

ఆమె కిందికి చూడలేదు. పైకి చూసింది. వాన కళ్ళలో పడుతున్నా రెప్ప వేయకుండా నాన్న మొహంలోకి చూసింది. ఆయన మాత్రం ఇంకా ఉత్త గోడకేసే చూస్తూ, చెవి ఇటు పెట్టాడు. రెండో కిటికీ మీద మూడు మెలికలు పోయాయి. కింది మూలలో కొక్కెం ఇంకా ఉంది.

మీట నొక్కింది.

"ఉంది సార్. ఇప్పుడే ఎవరినన్నా పన్నెండో అంతస్తు లోపలికి పరుగెత్తించండి. ఉత్తరం వైపు చివరి కిటికీ. అద్దం మీద సబ్బుగీతలున్నాయి, ఫొటో తీయమనండి. మెట్ల దగ్గర మీ కానిస్టేబుల్ ఉన్నాడు, అతనికి ఒక్క అంతస్తే. వాన కడిగేస్తోంది సార్, తొందరగా!"

"సబ్బుగీతలా? వాటితో ఏం తేలుతుందమ్మా?"

"ఎవరి చెయ్యో తేలుతుంది. నిన్న ఆ చెయ్యి గేటు దగ్గర లేదు, ఇక్కడుంది. ఈ అద్దం తుడిచిన మనిషే పైకెక్కి రెండు ముళ్ళూ విప్పాడు. నాతో ఇప్పుడే చెప్పాడు. తమ్ముడి చేత సంతకం పెట్టించకండి."

పలక మరో వేలెడు దిగింది. బెల్టు పట్టీ రింగు దగ్గర బిగుసుకుని కిర్రుమంది. సున్నం పెళ్ళ ఊడి కిందికి పోయింది. అది నేల తాకిన శబ్దం ఆమెకు వినిపించలేదు.

"తల్లీ" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటే.

"ఎవరమ్మా ఆ మనిషి?" ఇన్‌స్పెక్టరు అరుస్తున్నాడు. వెనక ఎవరివో పరుగులు, తమ్ముడి గొంతు "అక్కా, దిగిపో, అక్కా" అంటోంది. "పేరు చెప్పు! ఎవరు?"

రెండు చేతులతో రింగు పట్టుకుంది. మీట మీద గడ్డం ఆనించి నొక్కింది. కింద వాళ్ళకీ, మెట్ల దగ్గర కానిస్టేబుల్‌కీ, పైన వింటున్న ఆయనకీ కూడా వినబడేలా గొంతు చించుకుని అరిచింది.

"మా నాన్న సార్! అద్దాల మేస్త్రి! మా నాన్నే!"