వంటింటి వెనక పొద

వీధిలో ఏ కొళాయి కారినా ప్లంబరుకు కబురు వచ్చేది. తింటున్న అన్నం వదిలేసి మరీ వెళ్ళేవాడు. సొంతింటి వంటగది వెనక, గోడ వెంట పోయే పైపు మాత్రం ఏళ్ళుగా కారుతూనే ఉంది. భార్య చెప్పింది, సతాయించింది, ఆడపడుచు ఎదుట పరువు తీసింది. ఒకనాటి నుంచి చెప్పడం మానేసింది.

మొదట్లో అతనికి ప్రాణం హాయిగానే ఉంది. పోనుపోను ఆ హాయిలో ఏదో తేడా కొట్టింది. తిట్టే మనిషికి ఇంకా ఏదో ఆశ ఉంటుంది. ఈమె ఆశ వదిలేసుకుంది.

ఆ బురదలో ఆమె ఒక పొద నాటింది. చెరువు అంచుల్లో పెరిగే రకమట, వేళ్ళకు తడి ఆరకూడదట. మరుసటేడు పూసింది. గోళీలంత తెల్లటి బంతులు, ఒళ్ళంతా గుండుసూదులు గుచ్చినట్టు. తేనెటీగలు మూగాయి. ప్లంబరు అక్క వచ్చి, "ఇంత ఏపుగా ఎలా పెంచావే?" అని అడిగింది.

"మీ తమ్ముడి చలవే వదినా. ఆయన ఏమీ చెయ్యకపోబట్టే."

ఆమె వెక్కిరించలేదు, ఉన్నమాట చెప్పింది. అతన్ని కొరుక్కుతిన్నది అదే. మర్నాడే జాయింటు మార్చి, చేతులు కడుక్కుని, ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"పైపు బాగుచేశాను."

"సరే," అంది.

ఎండలు ముదిరాయి. ఆకులు వేలాడబడ్డాయి. ఆమె బిందెలతో నీళ్ళు మోసింది, పల్లెత్తు మాట అనలేదు. అతను బిందె అందుకోబోతే, "వద్దులెండి, మీకు పనికి ఆలస్యమవుతుంది," అంది. ఆ మర్యాద చూసి అతనికి భయం వేసింది. వెళ్ళి పానా తెచ్చుకున్నాడు.

"మళ్ళీ కాస్త వదులు చెయ్యనా?"

ఆమె బిందె కింద పెట్టింది.

"కావాలని కారేలా చెయ్యడం వచ్చా మీకు?"

"ఎప్పుడూ చెయ్యలేదు."

"చెయ్యకుండానే జరిగిపోయేది మరి. కానివ్వండి, చూద్దాం."

అతను గొంతుక్కూర్చుని నట్టు తిప్పాడు.

"ఇదేంటి, పొద బతకాలా, కొట్టుకుపోవాలా? తగ్గించండి."

తగ్గించాడు.

"ఇప్పుడేమో చుక్క లేదు. ఊళ్ళోవాళ్ళకు చేసేదీ ఇలాగేనా?"

"ఉండవే, చూస్తున్నానుగా."

"చూస్తూనే ఉన్నారు, పెళ్ళైన దగ్గర్నుంచీ."

నవ్వు కనపడకుండా అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఇంకొంచెం వదులు చేశాడు. నీరు చుక్క చుక్కగా, పొదకు ఎంత కావాలో అంతే పడసాగింది. ఆమె ఇంకా చూడలేదు. అతను చప్పుడు కాకుండా నట్టు మళ్ళీ బిగించాడు.