కటింగ్ మాస్టరు కంటి ఫోటో

కటింగ్ మాస్టరుకి ముక్కు మీద కోపం. కోపం సంగతి ఎలా ఉన్నా, చేతిలో కత్తెర పడితే మాత్రం ఆ వీధిలో ఆయనకి సాటి లేరని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు. ఆయన కోస్తాడు, భార్య కుడుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస.

అంతటి మాస్టరూ ఒకరోజు ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కోసి పెట్టాడు! మిషను దగ్గర కూర్చున్న భార్య వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అబ్బే, తనే పొరబడ్డాననుకుంది. పొరబాటు తనది కాదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా అదే రకం గుడ్డ తెచ్చి, గుట్టుచప్పుడు కాకుండా కుడి చెయ్యి కోసి కుట్టేసింది. ఆ తర్వాత జేబు వేలెడు కిందకి దిగింది. కాలరు ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. "పాడు గుడ్డ, జారిపోతోంది. నేసినవాడికి బుద్ధి లేదు," అని ఆయన విసుక్కోవడం, ఆయన లేనప్పుడు ఆవిడ సరిచేయడం. ఎన్నాళ్ళని దాస్తుంది పాపం?

"షుగరు ఉంది కదండీ, ఓసారి కళ్ళు చూపించుకుందాం," అంటే ఇంతెత్తున లేచాడు. "నా కళ్ళకేం రోగం? కళ్ళు సరిగా లేనివాడు ఇన్ని చొక్కాలు కోస్తాడా?" అన్నాడు. ఆ చొక్కాల సంగతి ఆవిడకి తెలుసు గానీ, నోరు విప్పితే ఆ మనిషి మళ్ళీ కత్తెర పట్టుకోగలడా? ఆయనకున్న గర్వమల్లా ఆ ఒక్క విద్యే. దాన్ని తన చేతులతో తను విరవలేక ఆవిడ లోలోపల కుమిలిపోయింది.

చివరికి ఆవిడ ఒక ఎత్తు వేసింది. "నాకే కళ్ళు మసకలేస్తున్నాయండీ," అంది. అంతే! మాస్టరు ఉన్నపళంగా కొట్టు మూసేశాడు. దారి పొడుగునా చివాట్లు. "ఒంటి మీద శ్రద్ధ ఉండక్కర్లేదూ? చెప్తే వింటేగా! మొండిఘటం!" ఆవిడ తల వంచుకుని, నవ్వొస్తే పమిట అడ్డం పెట్టుకుని, అన్నీ పడింది.

కంటి ఆసుపత్రిలో కంటి లోపలి ఫోటోలు తీసే అమ్మాయిని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేసింది. "కళ్ళు నావి కాదమ్మా, ఆయనవి. ఎలా కూర్చోబెడతావో నీ ఇష్టం." గడుసు పిల్ల. మాస్టరు పేర కూడా ఒక చీటీ రాయించి, ఇద్దరికీ చుక్కల మందు పట్టుకొచ్చింది.

"తోడొచ్చినవాళ్ళకి కూడా వేస్తారా?" అన్నాడు మాస్టరు అనుమానంగా.

"ముందు మీరు వేయించుకుంటే పిన్నిగారికి ధైర్యంగా ఉంటుంది బాబాయిగారూ," అందా పిల్ల నవ్వకుండా.

"అవునండీ, నాకు చచ్చేంత భయం. ఆ ఫోటో మిషను కుర్చీలో కూడా ముందు మీరే కూర్చోండి."

"ఫోటోకి భయమేమిటే పిచ్చిదానా!" అని మాస్టరు మందు వేయించుకున్నాడు. కంటిపాపలు విచ్చుకున్నాక దర్జాగా వెళ్ళి, గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చున్నాడు. రెండుసార్లు వెలుగు మెరిసింది.

తెర మీద నారింజ రంగులో గుండ్రటి బొమ్మ వచ్చింది. దాని మీద పాయలు పాయలుగా రక్తనాళాలు. వాటి పక్కన ఎర్రటి మరకలు, ఒకటా రెండా! తనకీ వేసిన చుక్కల మందుకి మసకబారిన కళ్ళతో ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. ఏదో చిన్న లోపం ఉంటుంది, అద్దాలిస్తారు అనుకుని వచ్చింది గానీ ఇంత ఉందనుకోలేదు. ఆ అమ్మాయి వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

"షుగరు వల్ల కంటి వెనక నాళాలు కారుతున్నాయండీ," అంది డాక్టరమ్మ మెల్లిగా. "ఎడమ కంటికి చూపు మధ్యలోనే దెబ్బ తగిలింది. అది మునుపటిలా వస్తుందని చెప్పలేను. కుడి కన్ను మాత్రం కాపాడుకోవచ్చు. చేతి నరానికి రంగుమందు ఎక్కించి మళ్ళీ ఫోటోలు తీస్తే ఎక్కడెక్కడ కారుతోందో తెలుస్తుంది. ఇవాళే తీద్దాం. ఒకటి రెండు రోజులు ఒళ్ళు పచ్చబడుతుంది, కంగారు పడకండి."

మాస్టరు దిగ్గున లేచాడు. "నేనొచ్చింది ఆవిడ కోసం. నాకు శుభ్రంగా కనిపిస్తోంది. బడిపిల్లల బట్టల పని నెత్తి మీదుంది, అదయ్యాక చూద్దాం. పదవే!"

ఆవిడ కదల్లేదు. ఇక దాచి లాభం లేదని తెలుసు. చెబితే ఆయన ఏమైపోతాడో అన్న బెంగా ఉంది.

"మీకు కనిపించడం లేదండీ."

"ఎవడన్నాడు?"

"నేనే అంటున్నా. మీరు కోసినవన్నీ నేను మళ్ళీ కోస్తున్నాను. ఒక్క చొక్కా కాదు. ఈమధ్య మన కొట్లోంచి బయటికెళ్ళినవన్నీ అంతే."

విరుచుకుపడతాడనుకుంది. పడినా బాగుండేది. ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అదే కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"చచ్చినా చెప్పను."

"మరి నాకెందుకు చెప్పావే?" ఆ గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడు అడిగినట్టుంది.

"ఆ ఒక్క కన్నయినా దక్కాలని. నన్ను తిట్టుకోండి, మాట్లాడటం మానెయ్యండి, ఏమైనా చెయ్యండి. నాకు మీ కన్ను కావాలి."

రంగుమందు పట్టుకుని ఆ అమ్మాయి వచ్చి నిలబడింది. మాస్టరు చొక్కా చెయ్యి పైకి మడవబోయాడు. మణికట్టు దగ్గర గుండీ కోసం వేళ్ళు వెతికాయి, దొరకలేదు. ఆవిడ సాయం చేయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ వెతికాడు. మళ్ళీ దొరకలేదు. తల దించుకుని, ఆ చేతిని తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వే విప్పు," అన్నాడు.