చేదు తెలియని ఇల్లు

మారెప్ప బెయిలు మీద ఊళ్ళోకి వస్తున్నాడని తెలిసిన రోజు పొద్దున్నే విష్ణువర్ధన్ పెరట్లో కూర్చుని వెదురు గొట్టం ఒకటి కోశాడు. ఒక కొసను ఏటవాలుగా చెక్కి, అంచు నున్నగా అయ్యేదాకా బండ మీద రుద్దాడు. కడుపులో పురుగులు చావడానికి గొర్రెల నోట్లో నట్టల మందు పోసే గొట్టం అది. వాళ్ళింట్లో గొర్రెలు లేవు.

బడిలో టీచరైన అతని భార్య పద్మప్రియ బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఏమంటావ్?" అన్నాడతను తల ఎత్తకుండా. పంటి పోటుకు నోట్లో లవంగం పెట్టుకున్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"ఏమనాల?"

"వాడు నా కొడుక్కి తాపినట్టే నేను వానికి తాపుతా. అదే మందు. షాపులో తెచ్చి పెట్టినా. వద్దంటావా?"

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. వద్దని అనాలనిపించలేదు. అనిపించనందుకు భయం కూడా వేయలేదు.

"నీ ఇష్టం" అని స్కూటీ తీసింది.

వాళ్ళ కొడుకు హర్ష పోయింది మొన్న ఎండాకాలంలో. రెండో తరగతి. బడి వదిలాక గొర్రెపిల్లలతో ఆడుకోవడానికి మారెప్ప దొడ్డికి పోయేవాడు. ఆ రోజు దొడ్డిలోనే పడి ఉన్నాడు. పక్కన సగానికి పైగా ఖాళీ అయిన నట్టల మందు సీసా ఉంది. పై ముందు పన్ను విరిగి, పెదవి చిట్లి ఉంది. అంతకు ముందే మారెప్ప గొర్రెలు విష్ణువర్ధన్ బోరు కింద శెనక్కాయ చేలో పడ్డాయి. విష్ణువర్ధన్ ఒక గొర్రెపిల్లను వెనక కాళ్ళు పట్టి ఎత్తి బండకేసి కొట్టాడు. దాని తల పగిలిపోయింది. "మీ ఇంట్లో పిల్ల పోతే తెలుస్తాదిలేన్నా" అని మారెప్ప ఏడుస్తూ అన్న మాట ఊరంతా విన్నది.

శవం పక్కనే అత్త వెంకటలక్ష్మమ్మ ఆ సీసాలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. పెట్టుకున్న క్షణం డోకొచ్చి, గోడ పట్టుకుని ఉమ్మింది. "ఇంత చేదు ఏ పిల్లోడు మింగుతాడప్పా? గొర్రెను పట్టినట్టు పట్టి తాపినాడు! పన్నిరిగేదాకా గొట్టం దూర్చినాడు!" అని అరిచింది. వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే వేలు ముంచారు, ఉమ్మారు. ఆ చేదే సాక్ష్యమైపోయింది. కన్నవాళ్ళిద్దరూ మాత్రం దాన్ని నాలుక మీద పెట్టుకోలేదు. పెట్టుకొమ్మని ఎవరూ అనలేదు.

మారెప్పను కరెంటు స్తంభానికి కట్టేసి పార కర్రతో మొహం మీద కొట్టారు. ముందు పళ్ళన్నీ రాలిపోయాయి. పోలీసులు వచ్చేసరికి దొడ్డిలో బతికున్న గొర్రె లేదు. గొర్రెపిల్లల్ని కూడా వదల్లేదు. పద్మప్రియ ఆ అరుపులు ఇంట్లోంచి వింది. లేచి కిటికీ మూయలేదు.

మారెప్ప కూతురు చౌడేశ్వరి ఆమె తరగతిలోనే ఉంది. హాజరు పిలిచేటప్పుడు పద్మప్రియ ఆ పేరు పలికేది కాదు. తల ఎత్తి, పిల్ల ఉందో లేదో కళ్ళతో చూసి గుర్తు పెట్టేది. పిల్ల కూడా పలకడం మానేసింది. కళ్ళు కలిసినప్పుడు చెయ్యి మాత్రం కొంచెం ఎత్తేది.

మారెప్ప వస్తున్న ఆ రోజే బడికి పట్నం నుంచి పళ్ళ డాక్టర్లు వచ్చారు. రేఖ అనే కుర్ర డాక్టరు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, నాలుక మీద పెట్టుకొమ్మని చిన్న చిన్న కాగితపు ముక్కలు పంచింది. అరక్షణంలో వరండా గగ్గోలైపోయింది.

"థూ! మేడమ్, ఇది వేపాకుకు తాత!"

"ఓబులేష్‌గాడు ఏడుస్తాండాడు మేడమ్!"

"నేనేం ఏడ్చలే! కండ్లల్లో నీళ్ళొచ్చినాయంతే!"

చౌడేశ్వరి మెలికలు తిరుగుతూ గౌను అంచుతో నాలుక తుడుచుకుంది. పాపన్న అనేవాడు మాత్రం కాగితాన్ని నములుతూ కూర్చున్నాడు. "ఏముందప్పా దీంట్లో? ఇంకోటుంటే ఇయ్యండి" అన్నాడు. రేఖ వాడి నోరు తెరిపించి టార్చి వేసింది. దవడ పళ్ళన్నీ నల్లగా గుంటలు పడి ఉన్నాయి.

"ఇదే మేడమ్ మేం చూస్తున్నది" అంది రేఖ. "కొందరికి పుట్టుకతోనే ఈ చేదు తెలియదు. అలాంటివాళ్ళలో చాలామందికి తీపి కూడా మందంగానే తెలుస్తుంది. ఎంత తిన్నా చాలదు. పళ్ళు పుచ్చే ప్రమాదం వాళ్ళకి ఎక్కువ. అందరికీ అలాగే జరుగుతుందని కాదు. ఇలాంటి పిల్లల్ని ముందే కనిపెడితే జాగ్రత్త పడొచ్చు."

పద్మప్రియ ఒక కాగితం తీసి నాలుక మీద పెట్టుకుంది. కాగితంలాగే ఉంది. నోట్లో తడిసి మెత్తబడింది, అంతే.

"ఇది మందు లేనిదేమో."

"అన్నీ ఒకటే మేడమ్." రేఖ ఇంకోటి ఇచ్చింది. అదీ కాగితమే.

హర్షకు జ్వరమొస్తే పారాసిటమాల్ మాత్రను పిప్పరమెంటులాగా చప్పరించేవాడు. ధైర్యవంతుడని ఆమె మురిసిపోయేది. దగ్గు మందు సీసా బీరువా పైన దాచేది, దొరికితే మొత్తం తాగేస్తాడని. పాలలో చక్కెర, అన్నంలో చక్కెర, చక్కెర డబ్బాలో చెయ్యి. ముందు పళ్ళు నల్లగా పుచ్చిపోయాయి. ఆ ఇంట్లో కాకరకాయ కూరకు ఆమె ఎన్నడూ బెల్లం వేయలేదు. మొగుడు కూడా ఎన్నడూ అడగలేదు. అత్త మాత్రం ఆ కూర ముట్టేది కాదు. కొత్త కోడలి వంట అలా ఉంటుందని సరిపెట్టుకుంది.

"డాక్టరుగారూ, తల్లికీ తండ్రికీ ఇద్దరికీ తెలియకపోతే?"

"పిల్లలకి తెలియకపోవడానికే ఎక్కువ అవకాశం."

"ఏ చేదైనా అంతేనా?"

"కాదు. ఈ కాగితం ఒక రకం చేదుకే. వేరే మందు సంగతి ఆ మందు నాలుక మీద పెడితేనే తెలుస్తుంది." రేఖ ఆమె మొహం చూసి ఆగింది. "ఎందుకు మేడమ్?"

"బాగా పుచ్చిన ముందు పన్ను... సీసా మూతి తగిలితే విరుగుతుందా?"

"బడిలో ఇచ్చే చిక్కీ కొరికినా విరుగుతుంది. లోపల ఏమీ ఉండదు కదా. పెంకు మిగులుతుంది, అంతే."

పద్మప్రియ కూర్చున్న చోటు నుంచి లేచింది. విష్ణువర్ధన్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. వరండా చివర గోడ పక్కన కూర్చున్న పిల్ల దగ్గరికి పోయింది.

"చౌడేశ్వరీ."

పిల్ల ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఆ గొంతులో తన పేరు విని చాలా నెలలైంది.

"మీ నాయన వచ్చినాడా?"

"వచ్చింటాడు మేడమ్. మాయమ్మ దొడ్డి కాడికి పోయింది. దొడ్డి చూడాలన్నాడంట."

"ఈ పిల్లను బయటికి పంపొద్దు సార్" అని హెడ్మాస్టరు హనుమంతరాయుడితో చెప్పి ఆమె స్కూటీ తీసింది.

దొడ్డి ఊరికి పడమట, ఎర్రమట్టి గుట్ట కింద ఉంది. తుమ్మకంప వాలిపోయి, లోపల పాత పెంట ఎండి పొడైపోయింది. విష్ణువర్ధన్ జీపు దారికి అడ్డంగా నిలిపి ఉంది. అరుపులు దూరానికే వినిపించాయి.

మారెప్ప భార్య లక్ష్మక్కను రామదాసు జుట్టు పట్టి నేలకు ఒత్తి పెట్టాడు. రామదాసు విష్ణువర్ధన్ దగ్గర ట్రాక్టరు తోలే మనిషి. ఆమె నోటి నిండా మట్టి. మారెప్ప చేతులు వెనక్కి విరిచి గుంజకు కట్టేసి ఉన్నాయి. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. విష్ణువర్ధన్ అతని రొమ్ము మీద మోకాలు పెట్టి, ముక్కు మూసి, గొట్టం దూర్చాడు. ముందు పళ్ళు రాలిన నోట్లో గొట్టానికి అడ్డేమీ లేదు. తెల్లని మందు గొంతులో గుడగుడమంది. మారెప్ప ఒళ్ళు విల్లులా లేచింది. మందూ నెత్తురూ కలిసి ముక్కులోంచి చిమ్మాయి.

"మింగు! నా కొడుకు మింగలేదా? మింగురా!"

"ఆపు!" అంది పద్మప్రియ.

అతను తిరిగి చూశాడు. ముంజేతుల దాకా మందు తెల్లగా కారి ఉంది. "బడికి పో పద్మా. అడ్డం రావద్దు."

ఆ మొహం ఆమెకు తెలుసు. కాగితపు ముక్క కథ చెబితే వినే మొహం కాదు అది.

"అడ్డం రాలే. ఆ సీసా ఇట్లియ్యి. నా చేత్తో తాపుతా."

"టీచరమ్మా! నీ కాళ్ళు మొక్కుతా!" లక్ష్మక్క మట్టి కక్కుతూ అరిచింది. రామదాసు ఆమె తలను మళ్ళీ నేలకు కొట్టాడు.

విష్ణువర్ధన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకు పోయినప్పటి నుంచి తనతో ఒక్క మాట కలపని పెళ్ళాం ఇప్పుడు తన పక్కకు వచ్చిందనుకున్నాడు. సీసా అందించాడు.

ఆమె సీసా మూతికి నోరు పెట్టి ఒక గుక్క తాగింది. సున్నపు నీళ్ళలా జారుగా ఉంది. ఏదో వాసన. అంతే. ఆమె మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"పిచ్చి పట్టిందా నీకు!"

"నాకు చేదు లేదు" అంది. "రామదాసూ, ఆమెను ఇడ్సిపెట్టి ఈడికి రా. ఒక చుక్క నాకు."

రామదాసు యజమాని వైపు చూశాడు. ఆయన కదలకపోయేసరికి వచ్చి వేలి మీద చుక్క పట్టి నాకాడు. మెడ నరాలు లేచాయి. "థూ! థూ! అక్కా, ఎట్ల మింగితివి దీన్ని? పేగులు బయటికొస్తాండాయి!"

"ఇప్పుడు నువ్వు" అంది మొగుడితో.

విష్ణువర్ధన్ తన చేతి మీద కారిన మందును నాకాడు. ఆగాడు. మళ్ళీ నాకాడు. మారెప్ప ఊపిరి గురగురమంటోంది.

"షాపోడు మోసం చేసినాడు. నీళ్ళు కలిపిచ్చినాడు."

"రామదాసు నోరు చూడు."

రామదాసు కంప పక్కన వంగి ఇంకా ఉమ్ముతూనే ఉన్నాడు.

"మనకు తెల్దు" అంది పద్మప్రియ. "నీకు తెల్దు, నాకు తెల్దు. వానికీ తెల్దు. దగ్గు మందు తాగినట్టు తాగినాడు. ఎవరూ తాపలేదు."

"పన్ను? పన్ను ఎట్ల ఇరిగింది మరి?"

జవాబు కోసం అతను ఆగలేదు. ఆమె చేతిలోంచి సీసా లాక్కుని నోటికెత్తాడు. ఒక గుక్క, రెండో గుక్క. చేదు కోసం కళ్ళు మూసుకుని వెతుక్కుంటున్నట్టు తాగాడు. అది ఎక్కడో అడుగున ఉందనీ, ఇంకొంచెం తాగితే తగులుతుందనీ, తగిలితే తను చేసిందంతా న్యాయమవుతుందనీ తాగుతూనే ఉన్నాడు. గొంతు ఎగిరెగిరి పడుతోంది.

పద్మప్రియ నేల మీది గొట్టం తీసి బలంకొద్దీ కొట్టింది. సీసా ఎగిరిపోయింది. గొట్టం కొస అతని నోటికి తగిలి పెదవి చిట్లింది. పై ముందు పన్ను సగానికి విరిగి పెంట పొడిలో పడింది. లోపల నల్లగా, బోలుగా ఉంది. అంత తేలికగా విరిగింది.

విష్ణువర్ధన్ వంగి దాన్ని వేళ్ళతో ఎత్తుకున్నాడు. చూశాడు. నాలుకతో తన నోట్లో ఖాళీని తడుముకున్నాడు. అది కొడుకు నోట్లో ఎక్కడ విరిగిందో సరిగ్గా అక్కడే. అతను పెంట పొడిలో కూలబడ్డాడు. గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. ఆ రోజు ఇదే దొడ్డిలో గొర్రెలు చేసిన శబ్దంలా ఉంది.

పద్మప్రియ మారెప్ప కట్లు విప్పింది. తాడు చర్మంలోకి దిగి ఉంది. ముడి రాకపోతే పళ్ళతో లాగింది. ఇద్దరు మగవాళ్ళనూ జీపు వెనక పడుకోబెట్టారు. లక్ష్మక్క మొగుడి తలను ఒళ్ళో పెట్టుకుంది. రామదాసు స్టీరింగు పట్టుకున్నాడు.

"యాడికక్కా?"

"అనంతపురం. పెద్దాసుపత్రికి. వాళ్ళను దించినాక నన్ను స్టేషన్లో దించు."

"స్టేషన్లో ఏం చెప్తావక్కా?"

"జరిగిందే. నువ్వు చేసింది కూడా."

రామదాసు జీపు కదిలించాడు. గార్లదిన్నె దాటేసరికి విష్ణువర్ధన్‌కు ఒళ్ళంతా చెమట పట్టింది. పక్కన మారెప్ప పొట్ట పట్టుకుని ముడుచుకున్నాడు. ఆగి ఆగి కక్కుతూ, నాలుకను చొక్కా చేతికేసి రుద్దుకుంటున్నాడు.

విష్ణువర్ధన్ అతని వైపు తల తిప్పాడు. "మారెప్పా... ఎట్లుంటాదప్పా అది?"

మారెప్ప మూసుకుపోని కంటితో అతన్ని చూశాడు. నోట్లో మిగిలిందంతా కూడగట్టుకుని అతని మొహం మీద ఉమ్మాడు. విష్ణువర్ధన్ తుడుచుకోలేదు. తుడవడానికి పద్మప్రియా చెయ్యి చాపలేదు.

ఆమె ఫోన్ మోగింది. హెడ్మాస్టరు.

"ఏమైంది మేడమ్? ఆ పిల్ల గేటు పట్టుకుని ఏడుస్తాంది. ఆపలేకపోతున్నా. ఏం చెప్పమంటారు?"

పద్మప్రియ వెనక్కి తిరిగి చూసింది. మారెప్ప రొమ్ము లేస్తోంది, దిగుతోంది.

"చౌడేశ్వరికి చెప్పండి సార్" అంది. "వాళ్ళ నాయన బతికుండాడని చెప్పండి. ఆయన తాపలేదని చెప్పండి. అందరి ముందర, గట్టిగా చెప్పండి."